జిమ్ సభ్యత్వం ప్రపోజల్ వచ్చిందా? సంతకానికి ముందు తర్కాన్నీ లెక్కనూ ఇలా సరిచూడండి

ఉద్యోగులకు కొత్త సౌకర్యం ఇద్దామంటూ వచ్చిన కాగితాన్ని ప్రశ్నించడానికి ఎవరికీ నోరు రాదు. ప్రశ్నిస్తే ఉద్యోగుల మేలు పట్టనివాళ్లమనుకుంటారని భయం. నాలుగు స్లైడ్లు చూపిస్తారు, అందరూ తలూపుతారు, ఫైలు ఫైనాన్స్‌కు వెళ్లిపోతుంది. నష్టం కంపెనీ ఒక్కదానికే అయితే అంతగా పట్టించుకోనక్కర్లేదు. కానీ సౌకర్యాల బడ్జెట్‌కు ఏటా ఒక పరిమితి ఉంటుంది. పనికిరాని చోట పోసిన డబ్బు తల్లిదండ్రుల ఆరోగ్య బీమాకో, రాత్రి షిఫ్టు క్యాబుకో దక్కకుండా పోతుంది. చివరికి నష్టపోయేది ఉద్యోగే. అందుకే ఈ కాగితాలను శ్రద్ధగా చదవాలి.

పని నేర్చుకోవడానికి ఒక నమూనా ప్రపోజల్ తీసుకుందాం. కంపెనీ, అంకెలు కల్పితం. తప్పులు మాత్రం నిజం ప్రపోజల్స్‌లో తరచూ కనిపించేవే.

“2022 జులై నుంచి హైదరాబాద్ ఆఫీసులోని 400 మందికి, ఆఫీసు పక్కనున్న జిమ్‌లో ఉచిత సభ్యత్వం ఇస్తున్నాం. 120 మంది చేరారు. చేరినవాళ్లు ఏడాదికి సగటున 5 సిక్ లీవులు వాడితే, చేరనివాళ్లు 8 వాడారు. జిమ్ పెట్టిన ఏడాదిలో అట్రిషన్ (ఏడాదిలో ఉద్యోగం మానేసి వెళ్లేవాళ్ల శాతం) 26 శాతం నుంచి 17 శాతానికి తగ్గింది. సర్వేలో 82 శాతం మంది జిమ్ కావాలన్నారు. పెద్ద ఐటీ కంపెనీలన్నీ ఇస్తున్నాయి. కాబట్టి విశాఖ ఆఫీసులోని 200 మందిని కూడా కలిపి మొత్తం 600 మందికి, తలకు ఏడాదికి 12,000 రూపాయల చొప్పున 72 లక్షలు మంజూరు చేయగలరు. మనిషికి 3 రోజుల చొప్పున 1,800 సిక్ లీవులు మిగులుతాయి. రోజుకు 4,000 రూపాయలు వేసుకున్నా అది 72 లక్షలు. జిమ్ ఖర్చు జిమ్మే రాబడుతుంది. అట్రిషన్ తగ్గడం అదనపు లాభం.”

చదవగానే సబబుగానే అనిపిస్తుంది. ఇప్పుడు విప్పి చూద్దాం.

1. ఏం అడుగుతున్నారో, దేని ఆధారంగా అడుగుతున్నారో విడదీయండి

ఖాళీ కాగితం తీసుకుని పైన ఒకే వాక్యంలో ముగింపు రాయండి: “600 మందికి 72 లక్షలు ఇస్తే ఆ డబ్బు తిరిగొస్తుంది.” కింద ఆధారాలు ఒక్కోటి ఒక్కో లైన్లో రాయండి. మన నమూనాలో నాలుగే ఉన్నాయి: సిక్ లీవుల తేడా, అట్రిషన్, సర్వే, పెద్ద కంపెనీలు. మిగతాదంతా వాటి మీద కట్టిన కూడికలు, గుణకారాలు.

తర్వాత ప్రతి ఆధారం పక్కన, అది ముగింపు దాకా చేరాలంటే ఇంకేం నిజం కావాలో రాయండి. కాగితంలో ఎక్కడా కనిపించని మాటలు ఇవే. “చేరినవాళ్లకూ చేరనివాళ్లకూ మధ్య జిమ్ తప్ప వేరే తేడా లేదు.” “ఆ ఏడాది అట్రిషన్‌ను తగ్గించే కారణం ఇంకేదీ లేదు.” “హైదరాబాద్‌లో జరిగిందే విశాఖలోనూ జరుగుతుంది.” ఒక్కోదాన్నీ తిరగేసి చూడండి: ఇది నిజం కాకపోతే ముగింపు నిలబడుతుందా? నిలబడదంటే, అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే. నిలబడుతుందంటే దాన్ని వదిలేయండి. పది చిన్న లోపాలు ఎత్తిచూపితే చర్చ పక్కదారి పడుతుంది.

2. ఎవరిని ఎవరితో పోలుస్తున్నారో చూడండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. సౌకర్యాల ప్రపోజల్స్‌లో అతి పెద్ద తప్పు ఉండేది ఇక్కడే.

జిమ్‌లో చేరమని ఎవరినీ చీటీ తీసి ఎంపిక చేయలేదు. ఇష్టమున్నవాళ్లు చేరారు. సాయంత్రం ఆరున్నరకు ఆఫీసు పక్క జిమ్‌కు వెళ్లగలిగేది ఎవరు? గచ్చిబౌలిలో ఆఫీసు ఉంటే, ఆ చుట్టుపక్కల పీజీల్లో ఉండే పాతికేళ్లవాళ్లు. ఎల్బీ నగర్ నుంచి గంటన్నర ప్రయాణం చేసి వచ్చేవాళ్లు, ఇంటికెళ్లి పిల్లల్ని చూసుకోవాల్సినవాళ్లు, రాత్రి షిఫ్టువాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చేరరు. అంటే జిమ్‌కు వెళ్లక ముందు నుంచే తక్కువ సిక్ లీవులు పెట్టేవాళ్లు ఒక వైపు, పిల్లలకు జ్వరమొస్తే తమ సిక్ లీవు వాడుకోక తప్పనివాళ్లు ఇంకో వైపు.

ఇది ఎంత తేడా తేగలదో అంకెల్లో చూడండి. 30 ఏళ్లలోపు వాళ్లు జిమ్‌కు వెళ్లినా వెళ్లకపోయినా ఏడాదికి 4 సిక్ లీవులే వాడతారనుకుందాం. 30 దాటినవాళ్లు కూడా అలాగే ఎప్పుడూ 9. చేరిన 120 మందిలో 96 మంది చిన్నవాళ్లు, 24 మంది పెద్దవాళ్లు అయితే వాళ్ల సగటు సరిగ్గా 5. చేరని 280 మందిలో 56 మంది చిన్నవాళ్లు, 224 మంది పెద్దవాళ్లు అయితే సగటు సరిగ్గా 8. ప్రపోజల్‌లోని అంకెలే వచ్చాయి, జిమ్ వల్ల ఒక్క రోజు కూడా మిగల్లేదు.

ఇది ఊహల్లోనే సాధ్యమయ్యే సంగతి కాదు. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం తన ఉద్యోగుల్లో దాదాపు 5,000 మందితో 2016లో ఒక వెల్‌నెస్ కార్యక్రమం, అంటే ఉద్యోగుల ఆరోగ్యం మెరుగుపరిచే కార్యక్రమం, మొదలుపెట్టింది. ఎవరికి అవకాశం ఇవ్వాలో లాటరీ ద్వారా నిర్ణయించారు. అవకాశం వచ్చినవాళ్లలో నిజంగా పాల్గొన్నవాళ్లు, పాల్గొననివాళ్లకంటే అంతకు ముందు నుంచే వైద్యానికి తక్కువ ఖర్చు పెడుతున్నవాళ్లని తేలింది. పాల్గొన్నవాళ్లనూ పాల్గొననివాళ్లనూ పోలిస్తే కార్యక్రమం బ్రహ్మాండంగా పనిచేసినట్టు కనిపించింది. లాటరీ తగిలిన గుంపు మొత్తాన్ని, తగలని గుంపు మొత్తంతో పోలిస్తే వైద్య ఖర్చులోనూ, జిమ్‌కు వెళ్లడంలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఇంకో ఉదాహరణ మరీ ముఖ్యం, ఎందుకంటే వెల్‌నెస్ వెండర్లు (ఈ సేవలు అమ్మే సంస్థలు) చూపే స్లైడ్ల మూలం అందులో ఉంది. వెల్‌నెస్ కార్యక్రమం మీద డాలరు పెడితే వైద్య ఖర్చులో 3.27 డాలర్లు తగ్గుతుందని 2010లో కేథరిన్ బైకర్, డేవిడ్ కట్లర్, జిరుయి సాంగ్ పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టారు. ఆ అంకె చాలా ప్రచారమైంది. వారిలో బైకర్, సాంగ్ ఇద్దరే తర్వాత బీజేస్ హోల్‌సేల్ క్లబ్ అనే అమెరికన్ దుకాణాల సంస్థలో 160 శాఖలు, దాదాపు 33 వేల మంది ఉద్యోగులతో లాటరీ పద్ధతిలో పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. ఏడాదిన్నర తర్వాత, వ్యాయామం చేస్తున్నామని, బరువు చూసుకుంటున్నామని చెప్పినవాళ్లు పెరిగారు. వైద్య ఖర్చులో, గైర్హాజరులో, పని తీరులో మాత్రం గుర్తించదగ్గ మార్పు కనిపించలేదు. కాబట్టి వెండర్ స్లైడ్‌లో “ఒకటికి మూడింతలు” అని కనిపిస్తే, ఆ అంకె ఏ ఏడాదిది, ఎవరిని ఎవరితో పోల్చగా వచ్చిందని తప్పకుండా అడగండి.

మీ ఆఫీసులో దీన్ని సరిచూడటం కష్టమేమీ కాదు. హెచ్ఆర్‌ను మూడే అడగండి. చేరిన 120 మంది, చేరడానికి ముందు ఏడాది ఎన్ని సిక్ లీవులు వాడారు? అప్పుడూ 5.2 ఉండి ఇప్పుడు 5 అయితే జిమ్ తెచ్చిన మార్పు మహా అయితే 0.2 రోజు. రెండోది, రెండు గుంపులనూ వయసు, షిఫ్టు ప్రకారం విడగొట్టిన సగటులు. మూడోది, చేరి మధ్యలో మానేసినవాళ్లను ఏ గుంపులో లెక్కేశారు? మానేసినవాళ్లను “చేరనివాళ్ల”లో కలిపేస్తే తేడా ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. పేర్లు అక్కర్లేదు, అడగకండి కూడా. ఒక్కో మనిషి సెలవుల వివరం కమిటీలో తిరగకూడదు. గుంపు సగటులు చాలు.

3. “అప్పుడు – ఇప్పుడు” పోలిక కనిపిస్తే బయట ఏం జరుగుతోందో చూడండి

అట్రిషన్ 26 నుంచి 17కు పడింది, నిజమే. కానీ ఏ ఏడాది? 2022 మధ్యలో దేశంలోని ఐటీ కంపెనీల్లో వలసలు పతాక స్థాయిలో ఉన్నాయి. ఇన్ఫోసిస్ ప్రకటించిన పన్నెండు నెలల అట్రిషన్ 2022 జూన్‌లో 28.4 శాతం, 2023 జూన్‌కు 17.3 శాతం, 2024 మార్చికి 12.6 శాతం. బయట ఆఫర్లు తగ్గాయి, జనం ఉన్నచోటే ఉన్నారు. 2022 జులైలో ఏ కంపెనీ ఏం మొదలుపెట్టినా, ఫిల్టర్ కాఫీ మెషిన్ పెట్టినా సరే, ఏడాది తిరిగేసరికి అట్రిషన్ తగ్గే ఉండేది.

దీనికి విరుగుడు కాగితంలోనే ఉంది. విశాఖ ఆఫీసుకు ఆ ఏడాది జిమ్ లేదు. అక్కడి అట్రిషన్ అడగండి. విశాఖలో 24 నుంచి 16కు పడిందనుకుందాం. జిమ్ లేనిచోట 8 పాయింట్లు తగ్గితే, ఉన్నచోట 9 తగ్గింది. జిమ్ ఖాతాలో వేయగలిగింది ఒక్క పాయింటు. 400 మందిలో అది నలుగురు. నలుగురు ఉండాలా పోవాలా అన్నది ఒక మేనేజర్ మారినా తేలిపోతుంది. విశాఖ, హైదరాబాద్ మార్కెట్లు ఒకటి కావు కాబట్టి ఈ పోలిక కూడా పక్కా కాదు. అయినా ఏ పోలికా లేకపోవడం కంటే చాలా మేలు.

ఇంకొక్క మాట. సౌకర్యాలు ఎప్పుడు మొదలుపెడతారు? పరిస్థితి బాగా చెడినప్పుడే. బాగా చెడిన ఏడాది తర్వాత వచ్చే ఏడాది, ఏమీ చేయకపోయినా చాలాసార్లు మామూలు స్థితికి దగ్గరవుతుంది. అందుకే ఒక్క ఏడాది అంకె కాకుండా నాలుగైదేళ్ల అంకెలు అడగాలి.

4. సర్వే శాతం కింద ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి

82 శాతం అంటే ఎవరిలో? జవాబిచ్చింది 110 మంది, అందులో 90 మంది అవునన్నారనుకోండి. 400 మందిలో 90 అంటే నాలుగో వంతు కూడా కాదు. లింకు ఏ గ్రూపులో పెట్టారో కూడా అడగండి. జిమ్ వాట్సాప్ గ్రూపులో ముందు తిరిగితే జవాబు తెలిసిందే.

ప్రశ్న ఎలా అడిగారన్నది ఇంకా ముఖ్యం. “ఉచితంగా జిమ్ ఇస్తే కావాలా?” అంటే కాదనేవాళ్లు ఉండరు. “మీ పేరు మీద నెలకు 1,000 రూపాయలు ఉన్నాయి. జిమ్, అమ్మానాన్నల బీమా ప్రీమియంలో వాటా, క్యాబ్, భోజనం కూపన్లు – వీటిలో ఒక్కటే ఎంచుకోండి” అని అడగమనండి. అప్పుడొచ్చే జవాబును నమ్మొచ్చు.

5. పెద్ద కంపెనీలు ఇస్తున్నాయన్న మాట

దీన్ని ఆధారంగా లెక్కలోకి తీసుకోకండి. 20 వేల మంది పనిచేసే క్యాంపస్ లోపలి జిమ్‌కూ, ఆఫీసు బయటి జిమ్‌లో కొనే సభ్యత్వానికీ ఖర్చులో, వాడకంలో పొంతన లేదు. ఇంటర్వ్యూకు వచ్చినవాళ్లు జిమ్ లేదని ఆఫర్ వదులుకుంటున్నారా? ఆఫర్ కాదన్నవాళ్లు చెప్పిన కారణాలు హెచ్ఆర్ దగ్గర ఉంటాయి, అవి చూడండి.

6. డబ్బు లెక్క మళ్లీ మొదటి నుంచి వేయండి

ఇంతవరకు చూసిన లోపాలన్నీ పక్కన పెట్టి, “జిమ్ వల్ల మనిషికి 3 రోజులు మిగులుతాయి” అన్న మాటను ఒక్క నిమిషం ఒప్పేసుకోండి. అప్పుడైనా 72 లక్షలు వస్తాయా?

కాగితం 3 రోజులను 600 మందికీ గుణించింది. కానీ 120 మంది ఇప్పటికే సభ్యులు, వాళ్ల ఆదా ఏదైనా ఉంటే అది ఇప్పటికే అందుతోంది. హైదరాబాద్‌లో మిగిలిన 280 మందికి ఉచితంగా ఇచ్చినా చేరలేదు, ఇప్పుడు కంపెనీ వాళ్ల పేరు మీద డబ్బు కట్టినంత మాత్రాన చేరరు. మిగిలింది విశాఖ 200 మంది. అక్కడా హైదరాబాద్‌లాగే 30 శాతం చేరితే 60 మంది. 60 మందికి 3 రోజులంటే 180 రోజులు, 7 లక్షల 20 వేలు. అదనంగా పెట్టే ఖర్చు? 72 లక్షల్లోంచి ప్రస్తుత 120 మందికి తలకు అదే 12,000 చొప్పున కడుతున్న 14 లక్షల 40 వేలు తీసేస్తే 57 లక్షల 60 వేలు. 57.6 లక్షలు పెట్టి 7.2 లక్షలు రాబట్టుకోవడం. అదీ అన్నీ కాగితం చెప్పినట్టే జరిగితే. 3 రోజులు కాక ఒక్క రోజే అయితే వచ్చేది 2 లక్షల 40 వేలు.

అంటే చర్చ జిమ్ మంచిదా కాదా అన్నదాని మీద కాదు, కాంట్రాక్టు ఎలా రాసుకున్నారన్న దాని మీద జరగాలి. తలకు కట్టే బదులు చేరినవాళ్లకే కడితే విశాఖ ఖర్చు 7.2 లక్షలే. వచ్చిన రోజుకే కట్టే పద్ధతి ఉంటే ఇంకా తగ్గొచ్చు. జిమ్ కాంట్రాక్టుల్లో మనుషులు తమ వాడకాన్ని ఎంత ఎక్కువగా అంచనా వేసుకుంటారో స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికే మాల్మెండియర్ 2006లో చూపించారు. అమెరికాలోని మూడు జిమ్‌లలో నెలకు 70 డాలర్లు పైన కట్టే సభ్యులు సగటున నెలకు 4.3 సార్లే వెళ్లారు. ఒక్కో రాకకు 17 డాలర్లు పైగా పడింది. పది రాకల పాసు కొనుక్కుంటే రాకకు 10 డాలర్లే. సొంత డబ్బు కట్టినవాళ్లే అలా ఉంటే, కంపెనీ కట్టిన సభ్యత్వం సంగతి ఆలోచించండి. అందుకే చేరినవాళ్ల సంఖ్య అడిగి ఊరుకోకండి. జిమ్ గేటు దగ్గరి హాజరు లెక్క తెప్పించండి: గత మూడు నెలల్లో నెలకు కనీసం 8 సార్లు వచ్చినవాళ్లు ఎందరు?

రోజుకు 4,000 అన్న విలువనూ సరిచూడండి. నెల జీతగాడు ఒక రోజు సిక్ లీవు పెట్టకపోతే కంపెనీ ఖాతాలోకి 4,000 రూపాయలు వచ్చి పడవు. జీతం ఎటూ కడుతున్నారు. కాల్ సెంటర్‌లో ఒకరు రాకపోతే ఇంకొకరికి ఓవర్‌టైమ్ కట్టాలి, అది నిజంగా చేతి నుంచి పోయే డబ్బు. సాఫ్ట్‌వేర్ టీమ్‌లో ఆ పని చాలావరకు మర్నాడు పూర్తవుతుంది. కాబట్టి ఓవర్‌టైమ్, బదులు మనిషి, క్లయింటుకు కట్టిన జరిమానా – వీటి అసలు బిల్లులు చూసి రోజు విలువ కట్టమనండి.

కాంట్రాక్టులో రెండు చోట్ల డబ్బు కారిపోతుంది. 17 శాతం అట్రిషన్ అంటే 600 మందిలో ఏడాదికి వంద మందికి పైగా వెళ్లిపోతారు. వాళ్ల సభ్యత్వం కొత్తగా వచ్చినవాళ్లకు మారుతుందా, వృథా అవుతుందా? ఇక జీఎస్టీ. చట్టప్రకారం తప్పనిసరైతే తప్ప, హెల్త్ క్లబ్, ఫిట్‌నెస్ సెంటర్ సభ్యత్వాల మీద ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే కట్టిన జీఎస్టీని కంపెనీ తను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోలేదు. సీజీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) చెప్పేది అదే. 12,000లో జీఎస్టీ కలిసే ఉందో లేదో వెండర్‌తో రాతపూర్వకంగా తేల్చుకోండి.

7. కాగితం తేల్చలేనిది చిన్న పైలట్‌తో (కొద్దిమందితో చేసే ప్రయోగంతో) తేల్చండి

విశాఖలో ముందు పేర్లు తీసుకోండి. 60 మంది ఇస్తే లాటరీ తీసి 30 మందికి ఇప్పుడు, మిగతా 30 మందికి ఆరు నెలల తర్వాత అని చెప్పండి. అందరికీ అందుతుంది కాబట్టి మనసు కష్టపెట్టుకోరు. రెండు గుంపులూ ఆసక్తి ఉన్నవాళ్లే కాబట్టి రెండో మెట్టులో చూసిన తప్పు జరగదు. ఏది కొలుస్తారో, ఎంత వస్తే కొనసాగిస్తారో మొదటి రోజే రాసి పెట్టుకోండి. తర్వాత నిర్ణయించుకుంటే ఏదో ఒక అంకె బాగా కనిపించక మానదు.

30 మంది గుంపుతో సిక్ లీవుల సంగతి మాత్రం గట్టిగా తేలదు. ఒక్కరికి డెంగీ వచ్చి 15 రోజులు సెలవు పెడితే గుంపు సగటు అర రోజు పెరిగిపోతుంది. సగటు కాకుండా, ఎంతమంది ఒక్కసారైనా సిక్ లీవు పెట్టారో చూస్తే కొంత నయం. మార్చిలో సెలవులు మురిగిపోతాయని వాడేసుకునే అలవాటు ఉన్న ఆఫీసైతే ఆ నెలను రెండు గుంపుల్లోనూ తీసేయండి. ఇంత చిన్న పైలట్ నమ్మకంగా చెప్పేది వాడకం గురించే: మూడో నెలలో, ఆరో నెలలో ఎందరు ఇంకా వెళ్తున్నారు. కాంట్రాక్టు రకం తేల్చడానికి అది చాలు.

8. జవాబు రాసేటప్పుడు

తర్కం తప్పని తేలినంత మాత్రాన జిమ్ వద్దని తేలలేదు. ఈ రెండింటినీ కలిపేసి ప్రపోజల్‌ను తిప్పి పంపడం, పరీక్షించకుండా పాస్ చేయడమంత తప్పు. జిమ్ డబ్బు రాబట్టకపోయినా, ఉద్యోగులు నిజంగా వాడుకుని సంతోషపడితే ఇవ్వడానికి ఆ ఒక్క కారణం చాలు. అప్పుడు కాగితంలో ఆ కారణమే ఉండాలి, సిక్ లీవుల గుణకారం కాదు.

కాగితం తయారుచేసినవాళ్లను నలుగురిలో నిలదీయకండి, ముందు వాళ్లతో విడిగా మాట్లాడండి. మెయిల్ ఇలా చిన్నగా ఉంటే సరిపోతుంది:

“మేడమ్, ప్రపోజల్ చదివాను. ఉద్యోగుల ఆరోగ్యం కోసం ఏదైనా చేయాలన్న ఆలోచన బాగుంది, దాన్ని ఆపాలని కాదు. మూడు వివరాలు అందితే కమిటీలో గట్టిగా మాట్లాడగలను. ఒకటి, 120 మంది సభ్యుల జిమ్‌కు ముందు ఏడాది సిక్ లీవుల సగటు. రెండు, అదే రెండేళ్లకు విశాఖ అట్రిషన్. మూడు, గత మూడు నెలల జిమ్ హాజరు. వెండర్ తలకు కాకుండా వాడినవాళ్లకే బిల్లు వేసేలా కొటేషన్ ఇవ్వగలరేమో కూడా కనుక్కోగలరా? అది వస్తే విశాఖలో 60 మందితో ఈ త్రైమాసికంలోనే మొదలుపెట్టొచ్చు.”

వెండర్ వాడకం మీద బిల్లింగ్‌కు ఒప్పుకోకపోతే హాజరు లెక్క తన దగ్గరే ఉంది, అది బాగాలేదని అర్థం చేసుకోవచ్చు. అప్పుడు మధ్యలో వదులుకోలేని ఏడాది లాకిన్ బదులు మూడు నెలల కాంట్రాక్టు, కనీస సభ్యుల సంఖ్య 30 దగ్గర బేరం మొదలుపెట్టండి.